రెండు తెరల మీదా ఒకే ఎరుపు తెప్పించగలరా?

గ్రాఫిక్ డిజైనర్, ఫొటో ఎడిటర్, వీడియో ఎడిటర్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెల్లో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫొటోషాప్ వచ్చు, ఇలస్ట్రేటర్ వచ్చు, కోరల్‌డ్రా వచ్చు, ప్రీమియర్ వచ్చు, డావిన్సీ రిజాల్వ్ వచ్చు.. పేజీ నిండా వచ్చినవే. పక్కన నక్షత్రాలు, శాతాలు కూడా వేస్తారు. ఫొటోషాప్ 90 శాతం వచ్చట! మిగిలిన 10 శాతం ఏమిటో ఎవరూ రాయరు.

నాకే గనక ఇంటర్వ్యూ చేసే పని అప్పగిస్తే సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగను. టేబుల్ మీద రెండు మానిటర్లు పెట్టి, ఒకే పెళ్లి ఫొటోను రెండిటిలోనూ తెరుస్తాను. ఒకదానిలో పెళ్లికూతురి చీర కుంకుమ ఎరుపులో ఉంటుంది. పక్కదానిలో అదే చీర కాస్త నారింజలోకి తిరిగి ఉంటుంది. ‘ఈ రెండిట్లో ఏది కరెక్ట్?’ అని అడుగుతాను. అంతే.

ఎక్కువమంది చెప్పే జవాబులు ఊహించగలను. ‘ఖరీదైన మానిటరే కరెక్ట్ సర్’ అంటారు కొందరు. ‘చూడ్డానికి బాగున్నదే కరెక్ట్’ అంటారు ఇంకొందరు. ‘రెండిటి బ్రైట్‌నెస్ సమానం చేస్తే సరిపోతుంది’ అని బటన్ల వైపు చెయ్యి చాపేవాళ్లూ ఉంటారు. నేను ఎదురుచూసే జవాబు వేరు. ‘కొలవకుండా చెప్పలేను సర్. రెండూ తప్పు కావచ్చు.’ ఈ మాట అనగలిగిన కుర్రాడికి పది సాఫ్ట్‌వేర్లు రాకపోయినా ఫర్వాలేదు, అవి నెలలో నేర్చుకుంటాడు. తెరను అనుమానించడం మాత్రం ఆలస్యంగా నేర్చుకుంటే చాలా ఖరీదు పడుతుంది.

తెర మీద బాగుంది, ప్రింట్ నల్లగా వచ్చింది

ఆ ఖరీదు ఎలా ఉంటుందో చూడాలంటే సినిమా స్టూడియోల దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లో పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసే చోటికి వెళ్లండి. ఖమ్మం అయినా, నరసరావుపేట అయినా, కరీంనగర్ అయినా ఇదే కథ. ఒక గది, రెండు మూడు సిస్టమ్‌లు, సీజన్‌లో రాత్రి పగలూ పని. డిగ్రీ చదువుతూనో, పూర్తిచేసి ఇంకో ఉద్యోగం కోసం చూస్తూనో ఇక్కడ చేరే పిల్లలు చాలామంది. ల్యాప్‌టాప్‌కి ఒక మానిటర్ తగిలించి, ఒకదానిలో ఫొటోలు, ఇంకోదానిలో షీట్ పెట్టుకుని కరిజ్మా ఆల్బమ్ కడుతుంటారు. ఫైల్ కలర్ ల్యాబ్‌కి వెళ్తుంది. నాలుగు రోజులకి ఆల్బమ్ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పంచాయితీ.

‘తమ్ముడూ, మొహాలన్నీ నల్లగా వచ్చాయేంట్రా?’

‘నా సిస్టమ్‌లో బాగానే ఉంది అన్నా. ల్యాబ్ వాళ్లే తేడా చేశారు.’

ల్యాబ్ వాళ్లని అడిగితే ‘మీ ఫైల్‌లో ఏముందో అదే వేశాం’ అంటారు. చాలాసార్లు వాళ్లు చెప్పేదే నిజం. మామూలు ఆఫీసు మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే 250 నిట్స్ దాకా వెలుగుతుంది. ప్రింట్ కోసం పనిచేసేవాళ్లు సాధారణంగా పెట్టుకునేది 80 నుంచి 120 నిట్స్ మధ్య. అంటే మన తమ్ముడు రెట్టింపు కంటే ఎక్కువ వెలుగులో ఫొటో చూసి ‘మొహం తెల్లగా ఉందిలే’ అనుకుని ఇంకాస్త తగ్గించాడు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, గదిలో ఉన్న వెలుతురుతోనే అది కనిపించాలి. నల్లగా రాక ఏమవుతుంది?

ఇక రంగుల సంగతి. మన పెళ్లిళ్లలో రంగు అంటే అలంకారం మాత్రమే కాదు. పసుపు పసుపులాగే ఉండాలి, నిమ్మపండు రంగులోకి పోకూడదు. మధుపర్కాల తెలుపు నీలంగా కనిపించకూడదు. అమ్మాయి తరఫు వాళ్లు నెల రోజులు తిరిగి కొన్న మెరూన్ చీర ఆల్బమ్‌లో గోధుమ రంగులో వస్తే ఆ ఇంట్లో ఎవరూ ‘మానిటర్ గామా తేడా’ అని సర్దుకోరు. షీట్లు మళ్లీ వేయాలి. ఆ డబ్బు స్టూడియో ఓనర్ జేబులోంచి పోతుంది, లేదంటే డిజైనర్ జీతంలోంచి కోత పడుతుంది. రెండోదే ఎక్కువ అని వేరే చెప్పాలా!

గరిటె ఎవరిది?

ఒకే ఫైల్, ఒకే కంప్యూటర్. అయినా రెండు తెరలకు ఎందుకు పడదు? కంప్యూటర్‌కి రంగు తెలియదు, అంకెలే తెలుసు. ఎరుపు 200, పచ్చ 30, నీలం 40 అని రెండు మానిటర్లకూ ఒకే ఆదేశం వెళ్తుంది. వంట చెప్పేటప్పుడు ‘రెండు గరిటెల నూనె పోయండి’ అన్నట్టే ఇది. ఎవరింటి గరిటె? మీ ఇంట్లోది చిన్నది, హోటల్లోది పెద్దది. మాట ఒకటే, కూర రెండు రకాలు. ఒక్కో మానిటర్‌కి దాని ఎరుపు దానిది, దాని తెలుపు దానిది. ప్యానెల్ రకం, వెనక వెలిగే దీపం, ఫ్యాక్టరీ సెట్టింగ్, ఎన్నాళ్లు వాడారన్నది.. అన్నీ కలిసి ఆ గరిటె సైజును నిర్ణయిస్తాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు కొన్న రెండు మానిటర్లు కూడా పక్కపక్కన పెడితే కాస్త తేడాగానే ఉంటాయి.

ఈ గొడవ తీర్చడానికే 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి కొలతను ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. తెలుపు అంటే ఇది, ఎరుపు అంటే ఇంత, నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఇలా పెరగాలి అని అందులో రాసి ఉంటుంది. తెలుపు డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. గామా దాదాపు 2.2. అంతకుముందే, 1993లో, ఐసీసీ ఏర్పడింది. క్రికెట్ ఐసీసీ కాదు, ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం! ‘ఈ మానిటర్ గరిటె ఇంత సైజు’ అని రాసిపెట్టే చీటీకి ఒక పద్ధతి తెచ్చింది వాళ్లే. మీరు వినే ఐసీసీ ప్రొఫైల్ అంటే ఆ చీటీయే.

ఇక్కడ ఒక తప్పుడు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. రెండు మానిటర్లను కలపడం అంటే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మార్చడం కాదు. అలా చేస్తే తప్పుకు తప్పును జత చేసినట్టు అవుతుంది. రెండిటినీ విడివిడిగా మూడో కొలతకు, అంటే ప్రమాణానికి, దగ్గర చేయాలి. అప్పుడు అవి ఒకదానికొకటి వాటంతటవే దగ్గరవుతాయి. సాఫ్ట్‌వేర్ నేర్పే చోట్ల నెలల తరబడి ఫిల్టర్లు, టెంప్లేట్లు నేర్పుతారు గానీ ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఒక పూట కేటాయించరు. ఫీజులో దీనికి భాగం లేదు కాబోలు.

మ్యాచింగ్ సెంటర్ అక్కలకు తెలిసిందే

‘కంటితో చూసి సరిచేస్తే పోలా?’ అంటారా? మన కళ్లు గొప్పవే గానీ ఈ పనికి సాక్షిగా పనికిరావు. పసుపు రంగు బల్బు కింద తెల్ల చొక్కా తెల్లగానే కనిపిస్తుంది, నీలపు ట్యూబ్‌లైట్ కిందా తెల్లగానే కనిపిస్తుంది. కన్ను పది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. నీలంగా ఉన్న మానిటర్ ముందు రోజంతా కూర్చుంటే అదే తెలుపు అనిపిస్తుంది. సరైన మానిటర్ తెచ్చి పక్కన పెడితే ‘ఇదేంటి, పచ్చగా ఉంది’ అంటాం.

మన అమ్మలు, అక్కలు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. చీరకి జాకెట్ గుడ్డ కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే ఏం చేస్తారు? షాపులో లైటు కింద రెండూ కలిసిపోయినా సరే, చీర కొంగూ గుడ్డా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో చూస్తారు. లోపల అచ్చం ఒకేలా ఉన్న రెండు రంగులు బయట విడిపోతాయని వాళ్లకి అనుభవం. శాస్త్రంలో దీన్ని మెటామెరిజం అంటారు. మానిటర్ల విషయంలోనూ సరిగ్గా ఇదే ఇబ్బంది. పాతరకం ఎల్‌ఈడీ దీపం ఉన్న తెర తెలుపును ఒక విధంగా తయారుచేస్తే, ఎక్కువ రంగులు చూపే కొత్త తెర ఇంకో విధంగా తయారుచేస్తుంది. పరికరంతో కొలిస్తే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. కంటికి మాత్రం ఒకటి కాస్త గులాబీగా, ఒకటి కాస్త పచ్చగా కనిపించవచ్చు.

దీనికి కారణం కొంత చరిత్రలోనూ ఉంది. ‘సగటు మనిషి కన్ను’ ఇలా చూస్తుందని 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఒక లెక్క తయారుచేసింది. బ్రిటన్‌లో రైట్, గిల్డ్ అనే ఇద్దరు వేర్వేరుగా చేసిన ప్రయోగాలు దానికి ఆధారం. రెండిట్లో కలిపి పాల్గొన్నది 17 మందే. ఈరోజు మీరు కొనే కొలత పరికరం కూడా ఆ లెక్కనే పట్టుకుని పనిచేస్తుంది. మీ కన్ను ఆ 17 మంది సగటుతో అచ్చంగా కలవాలని ఎక్కడుంది?

అందుకే నా లెక్కలో వరస ఇలా ఉండాలి. ముందు పరికరం, చివర్లో కన్ను. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు. ముందు కన్ను, పరికరం ఎప్పటికీ లేదు.

ముందు పైసా ఖర్చులేని పనులు

పరికరం కొనకముందే సగం తేడా పోగొట్టవచ్చు. దానికి కావాల్సింది ఒక గంట ఓపిక. మానిటర్ మెనూలోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, గేమ్, సినిమా మోడ్‌లు అన్నీ ఆపేయండి. విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి. రాత్రి తొమ్మిదింటికి తెర పసుపెక్కితే ‘ఫొటో వార్మ్‌గా ఉంది’ అనుకుని నీలం కలిపేవాళ్లు ఉన్నారు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ ఆదా కోసం వెలుగును దానంతటదే మార్చే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది. మానిటర్ ఆన్ చేసిన అరగంట తర్వాతే రంగుల జోలికి వెళ్లండి.

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించిన తెరలో నలుపు బూడిద రంగులో, అంతా పాలిపోయినట్టు ఉంటే మానిటర్‌ని తిట్టకండి. చాలాసార్లు తప్పు గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగ్‌ది. టీవీల కోసం పెట్టిన 16 నుంచి 235 అనే పరిమిత శ్రేణిలో అది సిగ్నల్ పంపుతుంటుంది. దాన్ని ఫుల్ రేంజ్, అంటే 0 నుంచి 255కి మార్చితే రెండు తెరలు ఒక్కసారిగా చుట్టాలైపోతాయి. ‘పాత మానిటర్ పాడైపోయింది, కొత్తది కొనాలి’ అని ఇంట్లో డబ్బులు అడిగేముందు ఈ ఒక్కటి చూసుకోండి.

తర్వాత రెండిటిలోనూ 6500 కెల్విన్ లేదా ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఎంచుకోండి. వెలుగు విషయంలో బలహీనుడి మాటే చెల్లాలి. రెండిట్లో ఏది తక్కువ వెలుగుతుందో దాని స్థాయికి రెండోదాన్ని దించాలి, పైకి లాగకూడదు. వెనక గోడ ముదురు రంగులో ఉన్నా, తెర మీద ఎండ పడుతున్నా ఇదంతా వృథా.

ఇక పరికరం. తెర మీద ఆనించి రంగును కొలిచే చిన్న సెన్సర్ అది. కాలిబ్రైట్, డేటాకలర్ కంపెనీలవి ఎక్కువగా కనిపిస్తాయి. ధర దాదాపు ఒక మామూలు మానిటర్‌కి పెట్టేంత. విద్యార్థికి భారమే, కాదనను. కానీ ఇది చెప్పుల జత కాదు, ఒక్కొక్కరికి ఒక్కోటి ఉండక్కర్లేదు. నెలకోసారి వాడే వస్తువు. నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కోవచ్చు. కాలేజీ ల్యాబ్ ఒక్కటి కొంటే ముప్ఫై సిస్టమ్‌లకు సరిపోతుంది. అర్గిల్‌సీఎంఎస్, దాని మీద నడిచే డిస్‌ప్లేకాల్ ఉచిత సాఫ్ట్‌వేర్లు. కొలిచేటప్పుడు తెర వెనక దీపం ఏ రకమో అడుగుతుంది, అక్కడ సరైనది ఎంచుకోకపోతే సెన్సర్ కూడా మోసపోతుంది. రెండు తెరలకు విడివిడిగా ప్రొఫైల్ చేయాలి. అదే మోడల్ ఉన్న స్నేహితుడి ప్రొఫైల్ తెచ్చి వేసుకోవడమంటే వాడి కళ్లజోడు మీరు పెట్టుకోవడమే.

ఇదంతా చేశాక కూడా తెలుపులో చిటికెడు తేడా కనిపిస్తే, అప్పుడు కంటిని రానివ్వండి. మంచి తెరను ముట్టుకోకుండా, రెండోదాని ఎరుపు, పచ్చ, నీలం గెయిన్‌లను కాస్త కాస్త కదిపి దగ్గర చేయండి. ఆ తర్వాత దాన్ని మళ్లీ ప్రొఫైల్ చేయాలి.

కొన్ని జంటలు ఎంత చేసినా కలవవు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్న ల్యాప్‌టాప్ తెర ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపలేదు. లేని ఎరుపును ఏ సెన్సర్ తెచ్చిపెడుతుంది? అలాంటప్పుడు మంచి తెర మీద ఫొటో, రెండోదాని మీద టూల్స్, ఫోల్డర్లు పెట్టుకుని పని చేసుకోవడమే. ఇంటర్వ్యూలో ‘ఇవి రెండూ కలవవు సర్, దీన్నే ఆధారంగా తీసుకుంటాను’ అని కారణంతో చెప్పగలిగితే అది చేతకానితనం కింద లెక్క కాదు. ఓనర్ ఎదురుచూసేది ఆ మాట కోసమే.

‘ఎలాగూ ఫోన్లోనే చూస్తారు’

దీని మీద వినిపించే అభ్యంతరాల్లో ఒకటి మాత్రం గట్టిది. ‘కస్టమర్ ఎలాగూ వాట్సాప్‌లో, తన ఫోన్లో చూస్తాడు. ఆ ఫోన్ తెర ఎలా ఉందో ఎవడికి తెలుసు? ఇంత కష్టం దేనికి?’ నిజమే, లక్ష ఫోన్లను మనం సరిచేయలేం. కానీ ఆ లక్ష ఫోన్లలో కొన్ని పసుపు వైపు, కొన్ని నీలం వైపు ఒరిగి ఉంటాయి. మీ ఫైల్ మధ్యలో ఉంటే అందరికీ కొంచెం కొంచెం తేడాగానే కనిపిస్తుంది. మీ ఫైలే ముందుగా ఒక వైపు ఒరిగి ఉంటే, అటే ఒరిగిన ఫోన్లలో పెళ్లికూతురికి కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. ఆన్‌లైన్‌లో మంగళగిరి, పోచంపల్లి చీరలు అమ్మేవాళ్లని అడగండి. ‘ఫొటోలో ఒక రంగు, ఇంటికొచ్చాక ఇంకో రంగు’ అని వెనక్కి వచ్చే చీర తెచ్చే నష్టం వాళ్లకి బాగా తెలుసు. అమ్మే నేతగాడు రంగు సరిగ్గానే అద్దాడు. ఫొటో సరిచేసినవాడి తెర తప్పింది.

హైదరాబాద్‌లో సినిమా డీఐ గదుల్లో అయితే ఈ జ్ఞానం లేకుండా అసిస్టెంట్‌గా కూడా నిలబడటం కష్టం. థియేటర్ తెరకు ప్రమాణం 48 నిట్స్, డీసీఐ-పీ3 రంగులు, గామా 2.6. అదే సినిమా టీవీకి వెళ్తే 100 నిట్స్, రెక్ 709 రంగులు, గామా 2.4. కలరిస్ట్ మానిటర్‌లో ఒకటి, దర్శకుడు కూర్చున్న సోఫా ఎదుట తెర మీద ఇంకోటి కనిపిస్తే పని అక్కడే ఆగిపోతుంది. కలర్ కళ అనుకుని వెళ్లే పిల్లలు మొదటి ఆరు నెలలు చేసేది ఎక్కువగా ఈ కొలతల పనే.

అసలు ఊహించని చోట కూడా ఇది ఉంది. ఆసుపత్రుల్లో రేడియాలజిస్టు ముందు పక్కపక్కన ఉండే రెండు మానిటర్లు గమనించారా? ఎక్స్‌రేలో బూడిద రంగు ఛాయలు రెండిటిలోనూ ఒకేలా కనిపించాలని డైకామ్ ప్రమాణంలో 14వ భాగం ప్రత్యేకంగా చెబుతుంది. వాటిని క్రమం తప్పకుండా కొలిచి చూడాలి. బయోమెడికల్, ఈసీఈ చదివినవాళ్లు ఈ దిశగా ఆలోచించరెందుకో నాకు అర్థం కాదు.

రంగుల ఉద్యోగం వైపు వెళ్లాలనుకునే అబ్బాయిలకు ఒక చిన్న మాట. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియకపోవడం మగవాళ్లలోనే చాలా ఎక్కువ. చాలామందికి తమకు ఆ సంగతి ఉందనే తెలియదు. కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా పరీక్ష ఐదు నిమిషాల పని. ఉంటే దిగులు పడనక్కర్లేదు, ఎడిటింగ్, లేఅవుట్, మోషన్ గ్రాఫిక్స్ అన్నీ ఉన్నాయి. కోర్సు ఫీజు కట్టకముందు తెలుసుకుంటే మేలు కదా.

రెజ్యూమెలో నక్షత్రాల బదులు పెట్టదగ్గది ఇంకొకటుంది. మీ రెండు తెరలను సరిచేయకముందు, చేశాక సెన్సర్ ఇచ్చిన రిపోర్ట్. అందులో డెల్టా ఈ అనే అంకె ఉంటుంది. కావాల్సిన రంగుకీ తెర చూపిన రంగుకీ మధ్య దూరం అది. 1 దగ్గర్లో ఉంటే కంటికి తేడా దాదాపు తెలియదు, 2 లోపు ఉన్నా మన పనులకు చాలు. దానితో పాటు ఒక పెళ్లి ఫొటో, ఒక చీర ఫొటో సరిచేసి ల్యాబ్‌లో ప్రింట్ తీయించండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆ ప్రింట్లు చేతిలో ఉండాలి. తెర పక్కన పెట్టి చూపించమంటే వీలైతే కిటికీ దగ్గరికి జరపమనండి. ఆ గదిలో ట్యూబ్‌లైట్ ఎలాంటిదో మీకు తెలియదు.